కొరియా వెళ్తానంటున్న చెల్లెలు: సంతకానికి ముందు చూడాల్సిన లెక్కల కాగితం

మీ ప్రశ్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. చెల్లెలికి పదహారేళ్లు. నాలుగేళ్లుగా కొరియన్ పాటలకు డాన్స్ కవర్లు చేస్తోంది. ఇంట్లో చెప్పకుండా ఒక సియోల్ కంపెనీకి ఆడిషన్ వీడియో పంపితే రెండో రౌండుకు పిలుపొచ్చింది. అమ్మానాన్నలు హడలిపోయారు, పిల్ల అన్నం మానేసింది, మధ్యలో మీరు నలిగిపోతున్నారు. "బానిస ఒప్పందాలు, కొట్టడాలు, లైంగిక వేధింపులు అంటారు కదా, ఎంతవరకు నిజం? ఇప్పుడు చట్టాలొచ్చి అంతా మారిపోయిందంటున్నారు, నమ్మొచ్చా? పంపొచ్చా?" అని అడిగారు.

ఇలాంటి విషయంలో సలహా ఇచ్చేది ఎవరో తెలియాలి కాబట్టి నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్ చదివాను. సియోల్‌లో పదకొండేళ్లు దుబాసీగా బతికాను. అందులో ఆరేళ్లు ఒక లాయరుగారి ఆఫీసులో పని. విదేశాల నుంచి వచ్చిన గాయకులు, డాన్సర్లు, మోడళ్ల ఒప్పందాలు చదివి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, వాళ్ల ఫిర్యాదులు కొరియన్‌లో రాయడం. స్టేజీ మీద వాళ్లను చూసింది తక్కువ, వాళ్ల కాగితాలు చూసింది ఎక్కువ.

మీరు విన్నది నిజమే. కాకపోతే మన దగ్గర అభిమానుల పేజీల్లో ఈ విషయాన్ని కొందరు దుర్మార్గుల కథగా చెబుతారు: ఫలానా నిర్మాత రాక్షసుడు, ఫలానా కంపెనీ చెడ్డది, మా వాళ్ల కంపెనీ మంచిది. నేను చదివిన ఫైళ్లలో కొట్టినవాడి పేరు ప్రతిసారీ వేరుగానే ఉంది, కానీ జరిగిన వరస ఒక్కటే. ముందు అప్పు. ఆ అప్పు వల్ల బయటికి పోలేకపోవడం. పోలేదని తెలిశాక చెయ్యి లేవడం. మా తాతయ్య జీతగాళ్ల కాలం ముచ్చట్లు చెప్పేవారు. పెండ్లికని తెచ్చిన అప్పు కింద మనిషి దొర ఇంట్లో జీతానికి ఉంటాడు. తిన్న గటక, కట్టిన గుడ్డ కూడా పద్దులో ఎక్కుతాయి. ఏండ్లు గడిచినా పద్దు తరగదు. సియోల్‌లో మొదటిసారి ఒక గాయని లెక్కల కాగితం చేతికొచ్చినప్పుడు నాకు ఆ పద్దే గుర్తొచ్చింది.

ఆ కాగితాన్ని అక్కడ జొంగ్‌సాన్‌సొ అంటారు. వచ్చిందెంత, ఖర్చెంత, కళాకారుడి వాటా ఎంత అని కంపెనీ ఇచ్చే పద్దు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. గ్రూపులో పాడటం మొదలుపెట్టి మూడేళ్లు. కంపెనీ పేరు చెప్పను. మూడేళ్లలో మొదటిసారి ఇచ్చిన పద్దు అది, అదీ లాయరు ఉత్తరం రాశాక. నాలుగు పేజీలు. ఇంటి అద్దెలో ఆమె వంతు, బియ్యం, డాన్స్ మాస్టారి ఫీజు, జుట్టుకు రంగు, వ్యాన్ డీజిల్, మేనేజరు తిన్న భోజనం, ఒక పాట వీడియోకు అయిన ఖర్చు ఐదుగురికి పంచి. చివరి వరసలో ఒక అంకె, దాని ముందు చిన్న త్రికోణం గుర్తు. ఆమె దాని మీద వేలు పెట్టి, "ఒన్నీ, ఇంత డబ్బు నాకొస్తుందా?" అని అడిగింది. ఒన్నీ అంటే అక్కా అని. కొరియా పద్దుల్లో అంకె ముందు త్రికోణం ఉంటే అది బాకీ, మన మైనస్ గుర్తన్నమాట. ఆ మాట ఆమెకు చెప్పాల్సి వచ్చింది నేనే. మూడేళ్లు ఆడి, పాడి, ఆ పిల్ల కంపెనీకి అప్పుపడి ఉంది.

ఇది మోసపు లెక్క అనుకోకండి. చాలాసార్లు కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉంటాయి, తప్పు సూత్రంలోనే ఉంటుంది. లూనా అనే అమ్మాయిల గ్రూపు ఒప్పందం 2022లో బయటపడ్డప్పుడు కొరియా జనం కూడా నోరు తెరిచారు. అందులో ఆదాయం కంపెనీకి 70, కళాకారిణికి 30. ఖర్చు మాత్రం చెరి సగం. మీరే కాగితం మీద వేసి చూడండి. వంద రూపాయలు వచ్చాయి, డెబ్బై ఖర్చయ్యాయి. ఆమె వాటా ముప్పై, ఆమె మోయాల్సిన ఖర్చు ముప్పై అయిదు, అంటే అయిదు రూపాయల బాకీ. కంపెనీ వాటా డెబ్బై, అది మోసే ఖర్చు ముప్పై అయిదు, అంటే ముప్పై అయిదు మిగులు. వచ్చిన లాభం ముప్పయ్యే, కంపెనీ తీసుకున్నది ముప్పై అయిదు. ఆ ఎక్కువ అయిదు రూపాయలు పిల్ల తల మీద అప్పుగా నిలిచాయి. ఖర్చు ఆదాయంలో అరవై శాతం దాటితే చాలు, ఎంత పని చేస్తే అంత అప్పు. 2023 జనవరిలో సియోల్ కోర్టు ఆ గ్రూపులో నలుగురి ఒప్పందాలను నిలిపేసింది, ఆ తర్వాత మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరుగా బయటపడ్డారు. కానీ అప్పటికి వాళ్ల ఈడులో అయిదారేళ్లు కరిగిపోయాయి.

మీ చెల్లెలికి మొదట ఎదురయ్యేది ఇది కాదు. దానికంటే ముందు శిక్షణ దశ ఉంటుంది. యోన్‌సుప్‌సెంగ్ అంటారు, అంటే సాధనలో ఉన్న పిల్ల. గ్రూపులో చోటు దొరుకుతుందన్న హామీ ఏమీ ఉండదు. రోజంతా డాన్స్, పాట, భాష, నెలాఖరుకు అందరి ముందు పరీక్ష. 2017 మార్చిలో కొరియా వాణిజ్య పోటీ కమిషన్ ఎనిమిది పెద్ద కంపెనీల శిక్షణ ఒప్పందాలు తెప్పించుకుని చదివింది. ఒక్కో పిల్ల మీద నెలకు సగటున 14.8 లక్షల వాన్‌లు (వాన్ అంటే అక్కడి డబ్బు) ఖర్చు పెడుతున్నారని, సగటు మూడేళ్లకు అది 5.3 కోట్ల వాన్‌లని తేలింది. మన లెక్కలో ముప్పై లక్షల రూపాయల పైన. మధ్యలో మానేస్తానంటే కొన్ని కంపెనీలు దానికి రెండు మూడు రెట్లు జరిమానా రాసుకున్నాయి, అంటే 10 నుంచి 15 కోట్ల వాన్‌లు. సంతకం చేసేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్ల, పక్కన తల్లో తండ్రో. కమిషన్ చెప్పాక ఆ కంపెనీలు ఆ షరతులు మార్చుకున్నాయి. 2019లో ప్రభుత్వం శిక్షణకు నమూనా ఒప్పందం తెచ్చింది, మూడేళ్లకు మించకూడదని అందులో ఉంది. అయితే అది నమూనా మాత్రమే. వీధి చివర రెండో అంతస్తులో అద్దాల గది ఒకటి అద్దెకు తీసుకుని నడిపే చిన్న కంపెనీ అదే వాడి తీరాలని లేదు. నా దగ్గరకొచ్చిన ఫైళ్లన్నీ అలాంటి రెండో అంతస్తులవే.

బానిస ఒప్పందం అనే మాట ఎక్కడిదో కూడా చెబుతాను, ఎందుకంటే చట్టాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. 2003 చివర్లో మొదలైన తోంగ్‌బాంగ్ షిన్‌కీ గ్రూపును మనవాళ్లు టీవీఎక్స్‌క్యూ అని గుర్తుపడతారు. 2009 జూలై 31న అందులో ముగ్గురు, జేజూంగ్, యూచున్, జున్సు, తమ కంపెనీ ఎస్ఎమ్ ఎంటర్‌టైన్‌మెంట్ మీద కోర్టుకెక్కారు. ఒప్పందం గ్రూపు మొదలైన రోజు నుంచి 13 ఏళ్లు. అక్కడ మగవాళ్లు తప్పనిసరిగా సైన్యంలో పనిచేసే కాలం లెక్కలోకి రాదు కాబట్టి నిజానికి 15. మధ్యలో పోతే పెట్టుబడికి మూడు రెట్లు, రాబోయే లాభానికి రెండు రెట్లు కట్టాలి. మొదటి ఒప్పందం ప్రకారం ఆల్బమ్ 5 లక్షల కాపీలు దాటితేనే ఒక్కొక్కరికి కోటి వాన్‌లు, దాటకపోతే ఏమీ లేదని వాళ్లు కోర్టుకు చెప్పుకున్నారు. అప్పటికి వాళ్లు జపాన్‌లో స్టేడియాలు నింపుతున్నారు. అదే నెలలో కమిషన్ ప్రామాణిక ఒప్పందం విడుదల చేసింది, ఏడేళ్ల హద్దు అప్పుడొచ్చింది. ఇవాళ ఏ గ్రూపు గురించి విన్నా ఏడో ఏట విడిపోతారా అని అభిమానులు దిగులుపడటం చూసే ఉంటారు. అది జాతక దోషమేం కాదు, ఆ కాగితం మీది గడువు.

అక్టోబరులో కోర్టు ఆ ముగ్గురికి తాత్కాలికంగా విముక్తినిచ్చింది. గెలిచారు కదా? గెలిచాక ఏళ్ల తరబడి ఏ టీవీ పాటల కార్యక్రమంలోనూ వాళ్లకు చోటు దొరకలేదు. ఎవరూ పిలవరు, ఎందుకు పిలవడం లేదో చెప్పరు. 2013లో కమిషన్ కలుగజేసుకుని, వాళ్లకు అడ్డుపడటం మానుకోమని ఆ కంపెనీనీ ఒక పరిశ్రమ సంఘాన్నీ ఆదేశించింది. జున్సు 2015లో ప్రభుత్వ విద్యా చానల్లో పాడినప్పుడు ఆరేళ్ల తర్వాత టీవీ మీద పాట పాడుతున్నానని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఏడాది చివర్లో, ఇలా అడ్డుపడటాన్ని ఆపేలా ప్రసార చట్టం సవరించారు. ఆ ముగ్గురూ కలిసి పెట్టుకున్న గ్రూపు పేరు మీద జనం దాన్ని జేవైజే చట్టమనే పిలుస్తారు. ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, "నచ్చకపోతే కోర్టుకెళ్లొచ్చు కదా" అని మీ నాన్నగారు అడుగుతారు. వెళ్లొచ్చు. దేశమంతా తెలిసిన ముగ్గురు యువకులకు గెలిచాక కూడా ఆరేళ్లు పట్టింది.

ఇప్పుడు కష్టమైన భాగం. 2009 మార్చి 7న జాంగ్ జా యోన్ అనే నటి చనిపోయింది. అప్పుడే ఒక పెద్ద టీవీ సీరియల్లో కనిపిస్తున్న అమ్మాయి. ఆమె సంతకం, వేలిముద్ర ఉన్న కొన్ని కాగితాలు బయటికొచ్చాయి. తన ఏజెన్సీ యజమాని కొట్టేవాడని, పెద్ద మనుషుల మందు విందులకు బలవంతంగా పంపేవాడని, లైంగికంగా వాడుకున్నారని అందులో రాసింది. ఏజెన్సీ యజమానికి దాడి కేసులో చివరికి పడింది సస్పెండ్ చేసిన శిక్ష, అంటే జైలుకు పోనక్కర్లేనిది. 2014లో సియోల్ హైకోర్టు ఆ విందులకు ఆమె పూర్తిగా తన ఇష్టంతో వెళ్లలేదని చెప్పి, కుటుంబానికి 2.4 కోట్ల వాన్‌లు చెల్లించమంది. 2018లో 2 లక్షల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు చేస్తే కేసు మళ్లీ తిరగేశారు. 2019 మేలో న్యాయశాఖ కమిటీ, లైంగిక నేరాల ఆరోపణలపై మళ్లీ దర్యాప్తుకు సిఫారసు చేయడం సాధ్యం కాదంది. గడువులు దాటిపోయాయి, ఆధారాలు చాలవు. ఆ విందుల్లో కూర్చున్నవాళ్లలో ఒక్కరూ ఆ నేరానికి జైలుకు పోలేదు.

ఈ కేసు గురించి చదివేవాళ్లు విందుల దగ్గర ఆగిపోతారు. ఆమె ఒప్పందంలో, మానేస్తే 10 కోట్ల వాన్‌లు కట్టాలని ఉంది. సీరియళ్లలో చిన్న వేషాలు వేసే అమ్మాయి అంత ఎక్కడి నుంచి తెస్తుంది? "ఆ పార్టీకి రాను" అనే మాట విలువ 10 కోట్లు అన్నమాట. ఆమె పోయిన మరుసటి ఏడాది జాతీయ మానవ హక్కుల కమిషన్ 111 మంది నటీమణులను అడిగితే, 60.2 శాతం మంది పలుకుబడి ఉన్నవాళ్లను లైంగికంగా సంతోషపెట్టమని తమను అడిగారని చెప్పారు. ఆ అంకె చదివిన రోజు నేను మెట్రోలో దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

మగపిల్లలు క్షేమం అనుకోవడానికి లేదు. 2018 అక్టోబరులో ది ఈస్ట్‌లైట్ అనే కుర్రాళ్ల బ్యాండులో ఇద్దరు అన్నదమ్ములు, లీ సొక్ చొల్, లీ సుంగ్ హ్యున్, లోకానికి తమ గోడు చెప్పుకున్నారు. 2015 నుంచి నిర్మాత తమను బేస్‌బాల్ బ్యాటుతో, మైకు స్టాండుతో కొట్టాడని, వాయించడంలో తప్పు చేస్తే గిటారు తీగ మెడకు చుట్టి లాగాడని అన్న చెప్పాడు. ఇంట్లో చెబితే చంపుతామన్నారట. నాలుగేళ్లు ఇంట్లో చెప్పలేదు. అంతసేపు ఆ తల్లిదండ్రులు పిల్లలు సాధన చేస్తున్నారనే అనుకున్నారు. కేసు 2020 మార్చిలో సుప్రీంకోర్టులో తేలింది. నిర్మాతకు ఏడాది నాలుగు నెలల జైలు. చూసీ ఊరుకున్న కంపెనీ అధినేతకు ఎనిమిది నెలలు, అదీ సస్పెండ్ చేసి. అంతకుముందు 2012లో ఓపెన్ వరల్డ్ అనే కంపెనీ అధినేత శిక్షణలో ఉన్న అమ్మాయిల మీద అత్యాచారాలకు ఆరేళ్ల శిక్ష పడి లోపలికెళ్లాడు. ఆ అమ్మాయిల్లో మైనర్లున్నారు.

చట్టాలు మారాయి కదా అన్నారు. మారాయి. 2014 జూలై నుంచి ఈ పరిశ్రమకు ప్రత్యేక చట్టం అమల్లో ఉంది. ఏజెన్సీ నడపాలంటే నమోదు చేసుకోవాలి. 15 ఏళ్లలోపు పిల్లలతో వారానికి 35 గంటలు, ఆ పైన 19 లోపు వాళ్లతో 40 గంటలు దాటి పనిచేయించకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పని ఉండకూడదు, అయితే సమ్మతి తీసుకుంటే సడలింపు ఉంది. ఆ సమ్మతి కాగితం అడిగేది ఎవరు, ఇచ్చేది ఎవరు? కొత్త గ్రూపులో చోటు కోసం ఎదురుచూస్తున్న పిల్ల "నేను రాత్రి పనిచేయను" అని రాసివ్వగలదా? నా చేతి మీదుగా పోయిన సమ్మతి కాగితాల్లో సంతకం లేకుండా తిరిగొచ్చింది ఒక్కటీ లేదు.

అన్నిటికంటే పెద్ద కన్నం ఇంకొకటుంది. పని చోట వేధింపులను నిషేధించే నిబంధన 2019 జూలై నుంచి కొరియా కార్మిక చట్టంలో ఉంది. 2024 అక్టోబరు 15న న్యూజీన్స్ గ్రూపులోని హానీ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, కంపెనీలో తనకెదురైన అవమానం గురించి ఏడుస్తూ చెప్పింది. ఇరవై ఏళ్ల పిల్ల, కొరియన్ ఆమెకు ఇంటి భాష కూడా కాదు. నెల దాటాక కార్మిక శాఖ జవాబు: ఆమె కార్మికురాలు కాదు కాబట్టి ఆ చట్టం వర్తించదు. కారణాలు చూడండి. పని గంటలు నిర్ణయించి లేవు, చోటు నిర్ణయించి లేదు, ఆదాయం మీద వ్యాపారిలాగా పన్ను కడుతుంది, ఖర్చులు కంపెనీతో పంచుకుంటుంది. పని గంటలు లేవంటే ఎంతసేపైనా పని ఉంటుందని కదా అర్థం! ఖర్చులు పంచుకోవడం అంటే నేను పైన చెప్పిన త్రికోణం. ఏ పద్దు పిల్లను కట్టిపడేసిందో ఆ పద్దునే చూపించి "నువ్వు సమాన భాగస్వామివి, నీకు కార్మికుల రక్షణ అక్కర్లేదు" అన్నారు. కంపెనీ ఆమెను అవమానించిందా లేదా అన్న ప్రశ్న దాకా విచారణ వెళ్లనే లేదు. నాకు ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ కోపం చల్లారలేదు.

పేరున్నవాళ్లయితే జాగ్రత్త పడతారనుకుంటే లీ సుంగ్ గీని చూడండి. 2004లో వచ్చాడు, పాటలు, సీరియళ్లు, టీవీ షోలు, ఇంటింటికీ తెలిసినవాడు. 18 ఏళ్లలో 137 పాటలు. పాటల ఆదాయం నుంచి తనకు ఒక్క వాన్ రాలేదని 2022 నవంబరులో కంపెనీకి నోటీసు పంపాడు. డిసెంబరులో కంపెనీ ఏకంగా 500 కోట్ల వాన్‌ల వరకు అతని ఖాతాలో వేసింది. అందులోంచి 200 కోట్లు సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు. అంత పెద్దవాడు 18 ఏళ్లు లెక్క అడగలేకపోయాడంటే, మీ చెల్లెలు మొదటి ఏడాదే అడుగుతుందని నేననుకోను. అందుకే ఆమె తరఫున మీరు అడగాలి.

విదేశీ కళాకారుల సంగతి మన తెలుగు పేజీల్లో ఎవరూ రాయరు. కొరియాలో వినోద వీసాను ఇ-6 అంటారు. అందులో ఒక రకం, ఇ-6-2, హోటళ్లలో, క్లబ్బుల్లో ప్రదర్శనలకు. గాయనిగా పని అని చెప్పి ఫిలిప్పీన్స్ అమ్మాయిలను ఆ వీసా మీద తెచ్చి, అమెరికా సైనిక స్థావరాల చుట్టూ ఉన్న క్లబ్బుల్లో మందు అమ్మించడం, అంతకంటే ఘోరమైన పనులు చేయించడం ఏళ్ల తరబడి నడిచింది. అలా సియోల్‌లో చిక్కిన ముగ్గురు మహిళలు ఐక్యరాజ్యసమితి మహిళా హక్కుల కమిటీ దాకా వెళ్లారు. బాధితులుగా చూడాల్సినవాళ్లను నేరస్థులుగా చూసి కొరియా వాళ్ల హక్కులు కాలరాసిందని 2023లో ఆ కమిటీ తేల్చింది. 2014 ఫిబ్రవరిలో బయటపడ్డది మరొకటి. సియోల్‌కు ఉత్తరాన పోచొన్‌లో ఒక ఆఫ్రికా మ్యూజియంలో బుర్కినా ఫాసో నుంచి వచ్చిన డాన్సర్లు, జింబాబ్వే నుంచి వచ్చిన శిల్పులు పనిచేసేవాళ్లు. ఒప్పందం నెలకు 650 డాలర్లు, అప్పటి కనీస వేతనం నెలకు 10 లక్షల వాన్‌ల పైచిలుకు, అంటే వాళ్లకిచ్చింది అందులో మూడింట రెండొంతులే. పాస్‌పోర్టులు, బ్యాంకు పుస్తకాలు యాజమాన్యం దగ్గర. ఉన్న గదుల గోడలకు బూజు. ఆ మ్యూజియానికి అధ్యక్షుడు అప్పటి పాలక పార్టీ పెద్ద నాయకుడు. పిల్లలు పాస్‌పోర్టు గురించి అడగరు, "ఆఫీసులో భద్రంగా ఉంది" అంటే సరేనంటారు. నేను చూసిన ఫైళ్లలో దాదాపు ప్రతి చెడ్డ కథా ఆ "భద్రంగా ఉంది" అనే మాటతోనే మొదలైంది.

తిండి, బరువు గురించి తక్కువ చెబుతాను, ఇప్పటికే చాలా చోట్ల చదివి ఉంటారు. సాధన గది తలుపు పక్కన తూకం మిషను, దాని పైన గోడకు పేర్లు, పేరు పేరుకూ కిలోలు రాసిన కాగితం నేను కళ్లారా చూశాను. సోమవారం పొద్దున తూకమట, ఆదివారం రాత్రి పిల్లలు మంచినీళ్లు కూడా తాగరట. నాకు ఆ మాట చెప్పిన పిల్ల నవ్వుతూ చెప్పింది, అది తప్పని ఆమెకు తోచనే లేదు. ఇక అభిమానుల పేరుతో వచ్చే బూతులు, వెంటాడటాలు. సొల్లీ, గూ హారా అనే ఇద్దరు గాయనులు 2019లో ఆరు వారాల తేడాతో పోయారు. సొల్లీ పోయినప్పటి నుంచి కొరియా పెద్ద వెబ్ పోర్టళ్లు ఒక్కొక్కటిగా వినోద వార్తల కింద వ్యాఖ్యల పెట్టెలు మూసేశాయి. అది మాత్రం ఆలస్యంగానైనా సరైన పని.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. పెద్ద కంపెనీల్లో కొన్ని ఇప్పుడు శిక్షణ ఖర్చు పిల్లల తల మీద రాయడం లేదు. మైనర్ల చదువు, కౌన్సిలింగ్ పట్టించుకునేవి ఉన్నాయి. నా దగ్గరకు వచ్చినవాళ్లు దెబ్బతిన్నవాళ్లే కాబట్టి నా చూపు అటే ఉంటుందన్నది నాకూ తెలుసు. ఒడిశా అమ్మాయి శ్రేయా లెంకా 2022లో బ్లాక్‌స్వాన్ గ్రూపులో చేరాక మన పిల్లలకు ఆ తలుపు తెరుచుకున్నట్టే కనిపిస్తోంది. మీ చెల్లెలి ఆశ పిచ్చిది కాదు. దాన్ని ఎగతాళి చేస్తే ఆమె మీకు చెప్పకుండా రెండో అడుగు కూడా వేస్తుంది. మొదటిది అలాగే వేసింది కదా.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండో రౌండు ఆన్‌లైన్ అయితే చేయనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. ఆడిషన్‌కని, ఫోటోలకని, "సీటు నిలపడానికి" అని ఒక్క రూపాయి అడిగినా అక్కడితో ఆపేయండి, శిక్షణకు తీసుకునే అసలైన కంపెనీ డబ్బు అడగదు. కంపెనీ పేరు కొరియన్ లిపిలో రాయించుకోండి, నమోదు సంఖ్య అడగండి. చట్టప్రకారం ఉండాల్సిందే కాబట్టి తడబడకుండా చెప్పాలి. హోటల్ ప్రదర్శన అనో, ఇ-6-2 వీసా అనో మాట వస్తే ఫోన్ పెట్టేయండి.

ఒప్పందం వస్తే రెండు భాషల్లో వస్తుంది. ఇంగ్లీషుది చదివి తృప్తిపడకండి, చివరి పేజీలో ఎక్కడో "తేడా వస్తే కొరియన్ పాఠమే చెల్లుతుంది" అని ఉంటుంది. శిక్షణ గడువు ఎన్నేళ్లు, మానేస్తే ఎంత కట్టాలి, ఖర్చులు ఆదాయంలోంచి ముందు తీసి మిగిలింది పంచుతారా లేక ఆదాయం ఒక లెక్కన, ఖర్చు ఇంకో లెక్కన పంచుతారా, పద్దు ఎన్ని నెలలకోసారి ఇస్తారు, రసీదులు చూపిస్తారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ఉండే ఇంట్లో పెద్ద మనిషి ఎవరు, వారానికి ఎన్నిసార్లు ఇంటికి ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ మెయిల్‌లో రాసి అడగండి, ఫోన్‌లో వద్దు. జవాబు కూడా రాతలోనే రావాలి. "ఇలా అడిగేవాళ్లు ఎవరూ లేరు" అని చిరాకుపడితే మీకు జవాబు దొరికినట్టే.

నా మాటగా అడిగితే, పదహారేళ్లకు ఒంటరిగా పంపొద్దు. ఇంటర్ అయ్యేదాకా ఆగమనండి, ఈలోపు కొరియన్ నేర్చుకోమనండి. పాటలకు సరిపోయే కొరియన్ చాలదు, పద్దు చదివేంత రావాలి. ఆ రెండేళ్లలో ఆశ అలాగే ఉంటే అమ్మో నాన్నో మొదటి నెల వెంట వెళ్లి ఆ ఇల్లు, ఆ గది, ఆ వంటిల్లు చూసి రావాలి. వెళ్లాక ఆమె ఫోన్‌లో రెండు నంబర్లు ఉండాలి: సియోల్‌లోని మన రాయబార కార్యాలయానిది, వలస మహిళల కోసం పలు భాషల్లో పలికే దానూరి సహాయ కేంద్రానిది, 1577-1366.

కాగితాలు వస్తే కంపెనీ పేరు, చెల్లెలి పేరు కొట్టేసి కొరియన్ ప్రతి ఇక్కడ పెట్టండి. అన్ని పేజీలూ పెట్టలేకపోతే, ఖర్చులు, పంపకం ఉన్న పేజీ, మానేస్తే ఏమవుతుందో రాసిన పేజీ, ఆ రెండూ చాలు. నేను వరసవరసా తెలుగులో రాసిస్తాను, చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.